జీడి నూనె పూసిన చక్రం

వెనక చక్రం పూండి రైలు గేటు దగ్గర పోయింది. గేటు పడి ఉంది. గూడ్సు బండి తీరిగ్గా వెళ్తోంది. నేను సైకిల్ పట్టుకుని ఎండలో నిలబడ్డాను. గేటు లేచాక పట్టాల మీదుగా తోస్తుంటే చక్రంలోంచి ఎండు కొమ్మ విరిగినట్టు చప్పుడైంది. వెంటనే ఇంకొకటి. క్యారేజీ మీదున్న ఎండు నెత్తళ్ల గంప ఒక పక్కకి ఒరిగింది. వెనక ఆటోవాడు హారను కొడుతూనే ఉన్నాడు. నాకు కోపం కూడా రాలేదు. గంప ఎక్కడ దించాలి, దించితే మళ్లీ ఎవరు ఎత్తుతారు, ఆ ఒక్క ఆలోచనే.

వేట నిషేధం చివరి రోజులవి. సముద్రం మీదికి ఎవరూ వెళ్లకూడని ఆ రెండు నెలలూ పచ్చి చేప ఉండదు. ముందే ఎండబెట్టి దాచుకున్నది గంపకెత్తుకుని లోపలి ఊళ్లు తిరగాలి. సైకిల్ మా ఆయన పాపారావుది. ఉద్దానంలో ఎందరినో తీసుకుపోయిన కిడ్నీ జబ్బే ఆయన్నీ తీసుకుపోయాక అది నా చేతికొచ్చింది. తొక్కడం ఆలస్యంగా నేర్చుకున్నాను. ఇప్పుడు మోకాళ్లు తొక్కనివ్వడం లేదు. సగం దారి తొక్కుతాను, సగం దారి తోస్తాను.

గేటు దాటగానే సోములు సైకిల్ షాపు. షాపంటే నాలుగు రేకులు, ఒక బల్ల, గోడకి వేలాడే పాత టైర్లు. సోములు మా ఆయన్ని బావా అనేవాడు, నన్ను చెల్లీ అంటాడు. ఒక కంటికి శుక్లాలు తీయించుకున్నాడు, రెండో కన్ను వంతు ఇంకా రాలేదు. సైకిల్ తలకిందులు చేసి చక్రం తిప్పి చూశాడు. అది అటూ ఇటూ ఊగుతూ తిరిగింది.

"ఇది సక్రం కాదు సెల్లీ, అప్పడం," అన్నాడు.

చక్రం పుల్లలు బిగించే తాళం తీసి, రిమ్ము దగ్గర పుల్ల చివరనుండే చిన్న ఇత్తడి మర పట్టుకుని తిప్పబోయాడు. తిరగలేదు. ఇంకొకటి పట్టుకున్నాడు. అదీ తిరగలేదు. గోరుతో గీకి, వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"దీనికి ఏటి పూసినావు?"

"జీడి నూనె."

"ఎన్నాళ్ల నుంచి?"

"మీ బావ ఏటేటా పూసీవోడు. ఆ తర్వాత నాను పూత్తన్నాను."

సోములు నవ్వాడు. నవ్వి, బల్ల మీద కూలబడ్డాడు.

మా తీరం మీద అందరూ చేసే పనే అది. నిషేధం ముగిసి సముద్రం తెరిచే ముందు రోజు పడవలకీ తెడ్లకీ జీడి నూనె పట్టిస్తారు. జీడి పిక్కల పెంకులోంచి తీసిన నూనె. చేతికి తగిలితే కాలుతుంది, కర్రకి పడితే నల్లగా గట్టిపడి నీటిని లోపలికి రానివ్వదు. పని అయ్యాక డబ్బా అడుగున మిగిలింది కొబ్బరి చిప్పల్లో పోసుకుని ఇళ్లకి తెచ్చుకుంటాం. గంపకి ఒక పూత, కావిడి బద్దకి ఒక పూత. ఉప్పు గాలికి ఇనుము నిలవదు కదా అని మా ఆయన చక్రానికి కూడా పూసేవాడు.

"పడవంటే నీళ్లు రాకుండా మూసీడానికి పూత్తారు," అన్నాడు సోములు. "సక్రం మూసీది కాదు సెల్లీ. బరువెక్కే కొద్దీ పుల్లలు వదులవుతాయి, అప్పుడప్పుడు బిగించాల. మీరు ఏడాదికో పూత పూసి మరలన్నీ అతికించీసినారు. బిగించడానికి లేక ఒకటి ఇరిగింది, దాని బరువు పక్కదాని మీద పడ్డాది. పడవకీ సక్రానికీ తేడా తెలీకుండా బతికీసినాడు మా బావ."

"బతికినన్నాళ్లూ నడిసింది కదా."

"నడిసింది. ఆడు సన్నగా ఉండీవోడు."

మరలు తిరగవు కాబట్టి పుల్లలన్నీ కోసెయ్యడమే అన్నాడు. రిమ్ము తుప్పు పట్టి పెచ్చులూడుతోంది, అదీ పనికిరాదు. మధ్యలో ఇరుసు తిరిగే హబ్బు మాత్రం గట్టిదట, పాత కాలం ఇనుము. దానికి కొత్త రిమ్ము, లావు పుల్లలు వేసి చేత్తో చక్రం కడతానన్నాడు. లావు పుల్లలు పూండిలో దొరకవు, టెక్కలి నుంచి తెప్పించాలి. పని కూడా పొద్దున్న చల్లని వెలుతురులోనే చెయ్యగలడు, ఎండెక్కాక కళ్లలో నీళ్లు కారతాయి.

"ఎప్పటికిత్తావు?"

"ఏరువాక పున్నమి దాటాక."

ఆ ఏడు ఏరువాక పున్నమి కంటే ముందే సముద్రం తెరుస్తున్నారు. నాకు కావలసింది ఆ తెరిచే రోజుకి.

"అంత తొందరైతే పలాస ఎల్లి రెడీమేడు సక్రం కొనుక్కో," అన్నాడు సోములు. మాటలో నిష్ఠూరం లేదు. "మిషను కట్టినది. ఇలగ కొని అలగ ఎక్కించుకోవడమే. అందరూ అదే సేత్తన్నారు."

"మంచిదేనా?"

"స్కూలుకెళ్లే గుంటలకి మంచిదే. సేపల బరువుకి నాను సెప్పలేను. నానిక్కడ సక్రాలు కట్టీవోణ్ని, మంచిది కాదంటే నా బేరం కోసమంటావు. మంచిదంటే నా నోరే నన్ను తిడతాది."

పాత చక్రం పుల్లలు కోసి, హబ్బు ఊడదీసి, గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టాడు. ఏది కావాలో ఆలోచించుకోమన్నాడు. రెండూ కొనే ఇల్లు కాదు మాది. ఏదో ఒకటే.

*

తెరిచే రోజు ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. నేను తిరిగే ఊళ్లలో ఒక పద్ధతుంది. సముద్రం తెరిచిన రోజు ఎవరి గంప ముందుగా గుమ్మంలో దిగితే, ఆ ఏడాదంతా ఆ ఇంటికి వాళ్లదే వాడుక. ఇంటావిడ వచ్చి గంప అంచుకి పసుపు బొట్టు పెడుతుంది. ఆ తర్వాత ఇంకొకరు ఎంత మంచి చందువ తెచ్చినా, "మాకు వాడుక మనిషి ఉంది," అని పంపేస్తారు. ఆ బొట్టు ఉంటే చేప మిగిలిపోదు. లేకపోతే వీధి వీధినా అరుచుకుంటూ తిరగాలి.

ఈసారి ఆ బొట్టు నా కోసం కాదు. నా కోడలు మంగ కోసం.

మా అబ్బాయి మురళీమోహన్ విశాఖ హార్బరులో మరబోటు మీద పని చేస్తాడు. బోటుకి రంగులెయ్యాలని నిషేధం అవకముందే వెళ్లిపోయాడు. మంగ పలాసలో జీడి పిక్కలు కొట్టే షెడ్డుకి వెళ్తుంది. పొద్దున్న బస్సుకి వెళ్లి సాయంత్రం వస్తుంది. పెంకు నూనె తగిలి దాని వేళ్లు నల్లగా కమిలిపోయి ఉంటాయి. బూడిద రాసుకుని కొడతారు, అయినా చర్మం పొరలు పొరలుగా లేస్తుంది. అన్నంలో పులుసు పోసుకుంటే వేళ్లు మండుతాయని చెంచాతో తింటుంది. ఆ పని నుంచి దాన్ని తప్పించడానికి నా దగ్గరున్నది ఒక్కటే, నా వాడుక ఇళ్లు. తెరిచే రోజు దాన్ని వెంటబెట్టుకుని గుమ్మం గుమ్మానికీ తిప్పి, ఇకనుంచి నా బదులు ఇది వస్తుందని చూపించాలి. ఆ ఒక్క రోజు తప్పితే అది ఇంకో ఏడాది షెడ్డులోనే.

ఆ సాయంత్రం మంగ బస్సు దిగి వచ్చేసరికి నేను గుడ్డ మూట ముందేసుకుని కూర్చున్నాను. విషయమంతా చెప్పాను.

"ఇందులో ఆలోసించడానికి ఏటుంది అత్తా," అంది. "రేపు భోజనం బెల్లప్పుడు షెడ్డు దగ్గరకి రా. కాశీబుగ్గలో సైకిళ్ల కొట్టుకి ఎల్దాం. కొనీద్దాం."

"సోములన్న కట్టింది ఏళ్లొత్తాదే."

"ఏళ్ల తర్వాత సంగతి ఏళ్ల తర్వాత. ముందు అనిల్ కంటే ముందు ఎల్లాల."

అనిల్ మా వీధి చివరి ఇంటి కుర్రాడే. మోపెడ్ మీద ఐసు పెట్టె, గంప కట్టుకుని, మైకు పెట్టుకుని చేపలమ్ముతాడు. మైకులో వాడి పెళ్లాం గొంతు రికార్డు చేసి పెట్టాడు. పెట్టెలో చవక కవళ్లు తప్ప ఏమీ లేకపోయినా ఆ గొంతు చందువలు, వంజరాలు, రొయ్యలు అని పిలుస్తూనే ఉంటుంది. పోయినేడు నా ఇళ్లు కొన్ని వాడికే పోయాయి. నేను సైకిల్ తోసుకుంటూ వెళ్లేసరికి వాడు బొట్టు పెట్టించుకుని వెనక్కి వస్తున్నాడు. "పిన్నీ, నీకు కొన్ని ఇళ్లు ఒగ్గీసినాన్లే," అన్నాడు. పొగరుతో కాదు, మంచితనంతోనే అన్నాడు. అది ఇంకా బాధ.

*

సైకిళ్ల కొట్టు యజమాని పేరు సూర్యప్రకాష్. పైకప్పు నుంచి చక్రాలు వరసగా వేలాడుతున్నాయి, పెళ్లి పందిట్లో తోరణాల్లాగా. ఒకటి దించి నా చేతికిచ్చాడు. తేలిగ్గా ఉంది. పుల్లలు అద్దంలా మెరుస్తున్నాయి. రెండు పుల్లలు కలిపి నొక్కి చూశాను. ఇంకో రెండు నొక్కాను. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఒకేలా ఉండడం మంచిదో కాదో నాకేం తెలుసు.

"మిషను కట్టినాది అమ్మా. వంకర అన్న మాటుండదు," అన్నాడు.

"మోత్తాదా?" అడిగింది మంగ.

"ఏటి బరువు?"

"సేపలు, ఐసు, ఒక్కోపాలి మా అత్త."

"మీ అత్తని దించీసుకో తల్లీ, మోత్తాది."

మంగ నవ్వింది. పగలు నవ్వడం చాలా రోజులకి చూశాను. తలకి కట్టుకున్న గుడ్డ ఇంకా తియ్యలేదు, షెడ్డు నుంచి అలాగే వచ్చేసింది. వేళ్లకి బూడిద అంటుకుని ఉంది. చక్రాన్ని తాకకుండా కొంచెం దూరం నుంచే చూస్తోంది, మరక పడుతుందేమోనని.

"సేపలోళ్లు ఎవరైనా కొన్నారా బాబూ దీన్ని?" అన్నాను.

"పాలోళ్లు కొంటన్నారు. కొబ్బరి బొండాలోళ్లు కొంటన్నారు. మళ్లీ వచ్చి తిట్టినోడు లేడు." కొంచెం ఆగి, తనే అన్నాడు. "పొగిడినోడూ లేడనుకో."

నేను చక్రం పట్టుకుని నిలబడ్డాను. సోములు చెప్పింది నాకు గుర్తుంది. మా ఆయన చక్రం ఎన్ని వర్షాకాలాలు మోసిందో గుర్తుంది. కానీ అక్కడ ఫ్యాను లేదు, మోకాళ్లు సలుపుతున్నాయి, మంగకి మళ్లీ షెడ్డు గంట కొడతారు. మంచిదేదో తేల్చుకోవాలంటే ఓపిక కావాలి. అది నాకు ఆ పూట లేదు.

"ఇది కొనీద్దాం," అన్నాను.

మంగ షెడ్డుకి వెళ్లిపోయింది. నేను చక్రం ఒళ్లో పెట్టుకుని పూండి బస్సెక్కాను. పక్కన కూర్చున్నామె, "మనవడికా?" అని అడిగింది. ఊఁ అన్నాను. చెప్పుకుంటూ పోతే దిగే చోటు దాటిపోతుంది.

సోములు దగ్గరికి తీసుకెళ్లాను. చక్రం తిప్పి చూసి, "బాగానే కట్టినాది మిషను," అన్నాడు. టైరు ఎక్కించి, గొలుసు సరిచేసి బిగించాడు. తర్వాత నన్ను ఎదురుగా నిలబెట్టి చెప్పాడు.

"సెల్లీ, ఇను. కొత్త సక్రం కొత్త కోడల్లాటిది. బరువు మోసి మోసి సర్దుకుంటాది. ఓ పది రోజులు తొక్కాక నా దగ్గరకి తే, పుల్లలన్నీ ఒకసారి బిగిత్తాను. అంతవరకూ దీనికి జీడి నూనె ముట్టించకు. బిగించినాక నీ ఇష్టం, కావాలంటే గంధం కూడా పూసుకో."

ఇంటికొచ్చి మంగకి ఆ మాటే చెప్పాను. పుల్లలకి నూనె పుయ్యొద్దన్నాడని చెప్పాను. సరే అత్తా అంది.

*

తెరిచే ముందు రోజు తీరమంతా జీడి నూనె వాసన. గంగమ్మకి కొబ్బరికాయలు కొట్టారు. పడవలు నల్లగా మెరుస్తున్నాయి. నేను వెళ్లలేదు. గుమ్మంలో కాళ్లు చాపుకుని ఐసు పెట్టె కడుగుతున్నాను. మంగ షెడ్డు మానేసి, నూనె చిప్ప తెచ్చుకుని, గంపకీ కావిడి బద్దకీ రాసింది. తర్వాత పెరట్లోకి వెళ్లింది. కాసేపయ్యాక చూస్తే సైకిల్ తలకిందులుగా ఉంది, చక్రం చుట్టూ రిమ్ము నల్లగా నిగనిగలాడుతోంది. మధ్యలో పసుపు బొట్టు.

"ఏటే ఇది?"

"పుల్లలకి పుయ్యలేదు అత్తా. నువ్వు సెప్పినావు కదా. రిమ్ముకి ఒక్కదానికే పూసినాను. ఉప్పు ముందు తినీది దాన్నే కదా."

దగ్గరికెళ్లి చూశాను. పుల్లలు తెల్లగానే ఉన్నాయి. కానీ ప్రతి పుల్లా రిమ్ములో దిగే చోట, ఇత్తడి మర చుట్టూ, నూనె కన్నీటి బొట్టులా కారి నిలిచింది. ఒక్క మర కూడా తప్పలేదు. మంగ ఎంతో శ్రద్ధగా పూసింది.

కిరసనాయిలు గుడ్డతో తుడవచ్చు. అప్పటికింకా పచ్చిగానే ఉంది. కానీ మంగ నా మొహం చూస్తోంది. మా ఇంట్లో చేరిన దగ్గర్నుంచి నేనేం చేస్తే అది చూసి నేర్చుకుంది. ఈ పనీ అలా నేర్చుకున్నదే. తెల్లారితే బయల్దేరాలి. "బాగుంది," అని వచ్చి మళ్లీ ఐసు పెట్టె ముందు కూర్చున్నాను.

*

తెల్లవారేసరికి పడవలొచ్చాయి. వేలం పాట పాడుకుని కానాగడతలు, కొన్ని చందువలు తీసుకున్నాం. మంగ ఐసు పెట్టె, దాని మీద గంప కట్టుకుని సైకిలెక్కింది. నేను షేరు ఆటోలో ముందు వెళ్లి ఊరి మొదట్లో దిగి నిలబడ్డాను. జీడి తోటల మధ్య రోడ్డు మీద అది రావడం దూరం నుంచే కనపడింది. సీటు మీద లేచి నిలబడి తొక్కుతోంది. చక్రం చప్పుడు లేకుండా, వంకర లేకుండా తిరుగుతోంది. మా ఆయన చక్రం ఎప్పుడూ కిర్రుమనేది.

అనిల్ మైకు అప్పటికే పై వీధిలో వినపడుతోంది. మేం కింది వీధి నుంచి మొదలుపెట్టాం. ఒక్కో గుమ్మంలో గంప దించడం, ఇంటావిడ పసుపు తేవడం, నేను మంగని చూపించడం. కొన్ని గుమ్మాల్లో అప్పటికే అయిపోయిందన్నారు. కొందరు తలుపు తియ్యలేదు. ఎండెక్కుతోంది. నా మోకాలు వాచి చీర కుచ్చిళ్లకి తగులుతోంది.

లక్ష్మీకుమారి గారి ఇంటికి వచ్చాం. వాళ్లకి జీడి తోటలున్నాయి. ఆవిడ తీసుకుంటే ఆ వీధంతా తీసుకుంటుంది, కాదంటే వీధంతా కాదంటుంది. మేం వెళ్లేసరికి అనిల్ మోపెడ్ కూడా అవతలి నుంచి వచ్చి ఆగింది. ఇద్దరి గంపలూ ఒకేసారి దిగాయి. మైకు ఇంకా చందువలు, వంజరాలు అంటోంది.

"వదినా, నీ సైకిల్ కొత్త పెళ్లికూతురిలా ఉందే," అన్నాడు అనిల్.

"నీ మైకు అబద్ధాలాడతంది, ముందు దాని నోరు ముయ్యి," అంది మంగ. "నీ పెట్టెలో వంజరం ఎక్కడుందో సూపించు, నానే కొంటాను."

లక్ష్మీకుమారి గారు పసుపు గిన్నె పట్టుకుని మెట్టు మీద నిలబడి ఉన్నారు. అనిల్ మైకు ఆపేశాడు.

"ఏం నూకాలమ్మా, ఈ పిల్లెవరు?"

"నా కోడలు అమ్మగారూ. మంగ. ఇకనుంచి ఇదే వత్తాది. నా కాళ్లు అయిపోనాయి."

ఆవిడ చేప చూడలేదు. మంగ చేతులు చూశారు.

"ఆ చేతులేంటి అలా ఉన్నాయి? ఏదైనా జబ్బా? తినే వస్తువు కదా, అడుగుతున్నానని ఏమీ అనుకోకు."

మంగ చేతులు వెనక్కి దాచుకోలేదు. ముందుకు చాపి చూపించింది.

"జీడి మరకమ్మా. పలాసలో పిక్కలు కొడతాను. అంటుకునేదైతే, మీ తోట పప్పుకి ఎప్పుడో అంటుకునుండాల."

అయిపోయిందనుకున్నాను. గంప ఎత్తుకోవడానికి వంగాను కూడా. వంగితే మోకాలు పట్టేసి అలాగే ఉండిపోయాను.

లక్ష్మీకుమారి గారు నవ్వుతూ మెట్టు దిగి, మా గంప అంచుకి బొట్టు పెట్టారు. "నోరు బాగానే ఉంది. చేప కూడా అలాగే ఉండాలి మరి. ముందు మీ అత్తని కూర్చోబెట్టు," అన్నారు. అనిల్ నవ్వుతూ మోపెడ్ తిప్పుకున్నాడు. రెండు వీధులు దాటాక మళ్లీ మైకు మొదలైంది.

ఆ రోజు ఇళ్లు కొన్ని పోయాయి, చాలా నిలిచాయి. మర్నాటి నుంచి మంగ షెడ్డుకి వెళ్లలేదు.

*

వానలు పడ్డాయి. మొదట్లో కొన్నాళ్లు నేనూ ఆటోలో వెళ్లాను, తర్వాత మానేశాను. చక్రం ఒకసారి సోములు దగ్గర చూపించమని మంగకి చెప్పాను. చూపించింది. మరలు తిరగలేదట. "మీ ఇంటోళ్లకి నాను సెప్పినా ఒకటే, గేటుకి సెప్పినా ఒకటే," అన్నాడట. రిమ్ముకి పూస్తే మరలకి ఎలా కారిందో అప్పుడు దానికి అర్థమైంది. ఇంటికొచ్చి, "అత్తా, నువ్వా రోజే సూసినావు కదా, ఎందుకు సెప్పలేదు?" అని అడిగింది. "సెప్పి తుడిసీ ఓపిక లేక," అన్నాను. మంగ అన్నం వడ్డించింది.

శ్రావణం వచ్చేసరికి చక్రం ఊగడం మొదలుపెట్టింది. మంగ పట్టించుకోనట్టే తొక్కేది. తెల్లారే వెళ్లి మధ్యాహ్నం దాటాక వచ్చేది. దాని వేళ్ల మీద నలుపు పోయి కింద కొత్త చర్మం గులాబీ రంగులో వస్తోంది. ఒకరోజు చేపల పులుసు చేత్తో కలుపుకుని తింది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం దాటింది, సాయంత్రం అవుతోంది, రాలేదు. వాన వెలిసి ఇసుక మీద నీళ్లు నిలిచాయి. నేను గుమ్మంలో కూర్చున్నాను. లేచి వెళ్లి చూద్దామంటే రోడ్డు దాకా నడవలేను. అనిల్ మోపెడ్ వచ్చి ఆగింది.

"పిన్నీ, వదిన సక్రం పోనాది, లచ్చిమికుమారి గారి వీధిలో. పుల్లలన్నీ జడల్లా ఏలాడతన్నాయి. నా బండి మీద గంపెట్టు అన్నాను. ఇనలేదు."

"ఏటంది?"

"నీ బండి మీద పెడితే నీ వాడుక అయిపోద్ది, అంది." వాడు తల గోక్కున్నాడు. "నిజమే అనుకో. అదెవరు నేర్పినారు దానికి? నువ్వేనా?"

"నాను అన్నీ నేర్పినాను, అంత బుర్ర నేర్పలేదు."

వాడు వెళ్లిపోయాడు. నేను అలాగే కూర్చున్నాను. ఇక రేపు మళ్లీ షెడ్డు గంట, మళ్లీ నల్లటి వేళ్లు అనుకున్నాను. సోములు దగ్గర కట్టించి ఉంటే ఇప్పటికి తిరుగుతూ ఉండేది. కానీ ఆ తెరిచే రోజుకి అంది ఉండేది కాదు. రెండిట్లో ఏది తప్పో ఎంత ఆలోచించినా తేలలేదు.

చీకటి పడకముందే మంగ వచ్చింది. సైకిల్ లేదు. గంప నెత్తి మీద ఉంది. దించి నా ముందు పెట్టింది. ఖాళీ. అడుగున నీళ్లు, నాలుగు పొలుసులు.

"సేపలేవే?"

"అమ్మీసినాను."

"సక్రం లేకుండానా?"

"తోసుకుంటా తిరిగినాను. ముందు మన ఇళ్లు, తర్వాత సైకిలు. ఆలీసమైనా ఒక్కరూ ఏరే గంప దించనివ్వలేదు. రేపట్నుంచి కొన్నాళ్లు నెత్తి మీదే తెత్తాను, ఆలీసమవుద్దని గుమ్మం గుమ్మంలో సెప్పొచ్చినాను."

"ఏటన్నారు?"

"లచ్చిమికుమారమ్మగారు తిట్టినారు. పొయ్యెలిగించాక తెత్తావా అని. మళ్లీ పొయ్యి కొంచెం ఆలీసంగా ఎలిగిత్తాలే అన్నారు." మంగ కాళ్ల మీద నీళ్లు పోసుకుంది. బురద కారిపోతోంది. "సైకిల్ సోములు మావ దగ్గర పడీసినాను. కొత్తది కట్టమన్నాను, సేత్తో. టెక్కలి సంత రోజు నానే ఎల్లి లావు పుల్లలు తెచ్చిత్తాను. పున్నమి అంటాడో అమాస అంటాడో, ఆడి కళ్ల ఇష్టం. ఈసారి తొందర లేదు."

గోడకి చేరబడి కాసేపు కళ్లు మూసుకుంది. తర్వాత అడిగింది.

"అత్తా, మా మావ పాత సక్రం హబ్బు ఎక్కడెట్టినావు?"

దాన్ని ఎక్కడ పెట్టానో నేను మర్చిపోలేదు. మంచం కింద ఉప్పు చేపల కుండలో, గుడ్డ మూటలోనే ఉంది. అటు చెయ్యి చూపించాను. మంగ వంగి తీసి, మూట విప్పింది. దాని మీద ఎన్నేళ్లదో జీడి నూనె గట్టిపడి ఉంది, నల్లగా, చెప్పు అడుగులాగా. గోరుతో గీకి చూసింది.

"మా మావ దీన్నీ ఒగ్గలేదు," అంది.

పెరట్లోంచి కిరసనాయిలు సీసా, పాత గుడ్డ తెచ్చుకుని మెట్టు మీద కూర్చుని తుడవడం మొదలుపెట్టింది. ఒక్కసారికి పోయేది కాదు అది. తడిపి, ఆగి, గీకి, మళ్లీ తడపాలి. ఎలా చెయ్యాలో చెబుదామనుకున్నాను. ఒక పక్క నేను పట్టుకుంటే తొందరగా అయ్యేది. ఇంకెప్పుడైనా అయితే లేచి వెళ్లేదాన్ని.

మెట్టు మీంచి గీకుతున్న చప్పుడు వస్తూనే ఉంది. నేను లేవలేదు. కాళ్లు చాపుకుని, గోడ వైపు తిరిగి పడుకున్నాను.